తడి రాళ్ల మీద పిల్లలు జారకుండా పాత మేజోళ్లు

ఎగువ అహోబిలం గుహాలయం నుంచి జ్వాలా నరసింహస్వామి దగ్గరికి నడిచే దారిలో, భవనాశిని వాగు తడిపిన నాచు రాళ్ల మీద పిల్లల బూట్లు జర్రున జారతాయి. ఖరీదైన ట్రెక్కింగ్ బూట్లు కొన్నా ఆర్నెల్లకే పాదాలకు సరిపోవు.

పాత నూలు మేజోళ్లను బూట్ల పైనుంచే తొడగండి. పిల్లల బూట్లకు పెద్దవాళ్ల మేజోళ్లు చక్కగా పడతాయి. బొటనవేలి దగ్గర మిగిలిన గుడ్డను వెనక్కి లాగి చీలమండ దగ్గర రబ్బరు బ్యాండు వేయాలి, లేకపోతే అదే కాలికి అడ్డం పడుతుంది. ముతక గుడ్డ నాచును పట్టుకుంటుంది. నైలాన్‌వి మాత్రం వద్దు, అవే జారతాయి. నూలు మేజోళ్లు రాళ్లకు త్వరగా చిరిగిపోతాయి కాబట్టి మనిషికి రెండు జతలు, తడివి వేసుకోవడానికి ఒక సంచి ఉంచుకోండి. చిరిగినవి అడవిలో పారేయకండి, అది నల్లమల!

బురద నేల మీద, ఎండుటాకులు పరుచుకున్న వాలులో ఇది పనిచేయదు. మట్టి అంటుకుని ఇంకా జారుతుంది, అక్కడ విప్పేయాలి. వాన పడి వాగు ఉద్ధృతంగా ఉంటే మేజోళ్లను నమ్ముకుని దాటవద్దు.