హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చిందా? మందు, కల్లు సంగతి కూడా చూసుకోండి

రిపోర్టులో హెచ్‌పీవీ పాజిటివ్ అని చూసి మా వదిన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు, క్యాన్సర్ వచ్చేసిందనుకుంది పాపం. అది క్యాన్సర్ రిపోర్టు కాదు. హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్‌కు (సర్వైకల్ క్యాన్సర్) దారితీయగల వైరస్. అది ఒంట్లో ఉందని చెప్తుంది, అంతే. పదిమందికి సోకితే దాదాపు తొమ్మిదిమందికి రెండేళ్లలోపు దానంతట అదే పోతుంది, ఒంట్లోని రోగనిరోధక శక్తే తరిమేస్తుంది. పోకుండా ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తేనే ప్రమాదం, అప్పుడైనా క్యాన్సర్ దాకా రావడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది.

కాబట్టి టెన్షన్ పక్కన పెట్టి ముందు ఏ రకం వైరసో అడగండి. సర్వైకల్ క్యాన్సర్లలో 70 శాతం దాకా 16, 18 రకాల వల్లే వస్తాయి, అవి ఉంటే ఆలస్యం చేయకుండా కాల్పోస్కోపీ (గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దదిగా చూపించే పరికరంతో చేసే పరీక్ష) చేయించుకోవాలి. వేరే హై రిస్క్ (క్యాన్సర్ ముప్పు ఎక్కువున్న) రకమైతే సాధారణంగా పాప్ స్మియర్ (అక్కడి కణాలు తీసి చేసే పరీక్ష) చూస్తారు, అది బాగుంటే ఏడాది తర్వాత మళ్లీ టెస్ట్ అంటారు.

ఈ ఏడాదిలోనే మందు మాట వస్తుంది. దక్షిణ కొరియాలో హై రిస్క్ హెచ్‌పీవీ ఉన్న ఆడవాళ్ల మీద చేసిన ఒక అధ్యయనం 2015లో వచ్చింది. వైరస్ మోతాదు ఎక్కువగా ఉన్నవాళ్లలో, మందు తాగేవారికి అది పోకుండా ఉండిపోయే అవకాశం ఎక్కువని అందులో కనపడింది. మందే కారణమని దీంతో రుజువైనట్టు కాదు, మందు వల్ల వచ్చే క్యాన్సర్ల జాబితాలో రొమ్ము, కాలేయం, గొంతు ఉన్నాయి గానీ గర్భాశయ ముఖద్వారం లేదు. అయినా ఎక్కువ తాగితే రోగనిరోధక శక్తి దెబ్బతింటుంది, ఫోలేట్ అనే బి విటమిన్ తగ్గుతుంది. వైరస్‌ను తరిమే పని ఒంటిదే అయినప్పుడు దాని చేతులు మనమే కట్టేయడం ఎందుకు?

ఎంత తాగుతున్నారో నిజంగా లెక్కేయండి. 30 మి.లీ. స్మాల్ పెగ్గులో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, 5 శాతం బీరు పెద్ద సీసాలో 25 గ్రాములు. "బీరే కదా" అనుకుంటాం, అది రెండున్నర స్మాల్ పెగ్గులతో సమానం! కల్లు కూడా లెక్కలోకే వస్తుంది. బోనాలకీ దావత్‌లకీ ఇంట్లో అందరూ కలిసి తాగేదే కాబట్టి చాలామంది దాన్ని తాగుడు అనుకోరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో తాగుతామన్నవారు దేశమంతటా 1.3 శాతమైతే తెలంగాణలో 6.7 శాతం, చెప్పనివాళ్ల లెక్క వేరే. డాక్టర్ దగ్గర అత్తగారు పక్కన కూర్చుంటే నిజం నోట్లోంచి రాదు, ఆమెను కాసేపు బయట ఉండమనండి.

ఎప్పుడో ఒకసారి తాగేవాళ్లయితే ఈ ఏడాదికి మానేయండి, సులువే. రోజూ తాగేవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు. చేతులు వణకడం, ఫిట్స్ దాకా పోవచ్చు. కల్తీ కల్లు అలవాటైతే ఇంకా జాగ్రత్త, అందులో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తు పదార్థాలు కలుపుతారు, అవి హఠాత్తుగా ఆగితే మనిషి వింతగా ప్రవర్తించడం, మూర్ఛపోవడం తెలంగాణ ఊళ్లలో చూసిందే. డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా మానాలి. మత్తు అలవాటు మానడానికి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెప్తారు, పైసా ఖర్చు లేదు.

సిగరెట్, చుట్ట ఉంటే వాటిని మందు కన్నా ముందు ఆపండి, పొగాకు విషయంలో రుజువులు చాలా గట్టివి. వైరస్‌ను కడిగేస్తామని ఆన్‌లైన్‌లో అమ్మే మాత్రలు, పొడులు కొనొద్దు, హెచ్‌పీవీని చంపే ఔషధం ఇంకా రాలేదు. టీకా కూడా ఉన్న వైరస్‌ను పోగొట్టదు, ఇంకా సోకని రకాల నుంచే కాపాడుతుంది. అయితే ఇంట్లో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్ల ఉంటే ఆ పిల్లకు వేయించండి.

మందు మానేశాం కదా అని ఏడాది టెస్ట్ మాత్రం ఎగ్గొట్టొద్దు. తేదీ ఇప్పుడే క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టు తీసుకెళ్లండి, పోయినసారి రకమే ఇంకా ఉందా, కొత్తది సోకిందా అన్నది రెండూ పక్కపక్కన పెడితేనే డాక్టర్‌కు తెలుస్తుంది.