చిప్‌ట్యూన్ వినిపిస్తే "బోసిగా ఉంది" అంటున్నారా? ట్యూన్ మార్చకముందే ఫోన్ స్పీకర్లో విని చూడండి

చిప్‌ట్యూన్ అంటే పాత వీడియో గేమ్ చిప్‌ల శబ్దాలతో చేసే సంగీతం. అది రాసే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఫ్యామిట్రాకర్‌లో నోట్లు వేయడం, ఇన్‌స్ట్రుమెంట్లు చేసుకోవడం, వేవ్ ఫైలు తీయడం వచ్చినవాళ్ల కోసం ఇది. మొదటి ట్యూన్ నలుగురికి పంపారు, వచ్చిన సలహాలు దేనికీ పొంతన లేవు. వెంటనే ప్యాటర్న్‌లు (నోట్లు వేసే పట్టికలు) తెరిచి మార్పులు మొదలుపెట్టకండి. మీరు రాసిందే వాళ్లకు వినిపించిందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

సమస్య: జవాబు రాదు, వస్తే "బాగుంది" అని ఒక్క మాట

లోపం పంపిన తీరులో ఉంది. మాడ్యూల్ ఫైలు (ట్రాకర్‌లో సేవ్ చేసిన ట్యూన్) ఒక్కటే పంపితే ట్రాకర్ లేనివాళ్లు తెరవలేరు. ఆడియో ఒక్కటే పంపితే ట్రాకర్ తెలిసినవాళ్లు లోపల ఏం చేశారో చూడలేరు. రెండూ పంపండి. ఆడియో 60 నుంచి 90 సెకన్లు చాలు.

"ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అనే వస్తుంది. "ఫ్రేమ్ 03, రో 20 దగ్గర మెలోడీ పైకి దూకుతుంది, అది హఠాత్తుగా అనిపిస్తోందా?" అని అడగండి. రో (వరుస) నంబర్లు హెక్స్‌లో (పదహార్లలో లెక్కించే పద్ధతి) కనిపిస్తుంటే 20 అంటే 32 అని అవతలివాళ్లకు చెప్పడం మరవకండి. లేకపోతే వాళ్లు వేరే చోట చూసి వేరే సలహా ఇస్తారు.

సమస్య: ఒకరు "బోసిగా ఉంది, బేస్ లేదు" అంటారు, ఇంకొకరు "కిక్కిరిసి ఉంది" అంటారు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. రెండు మాటలూ నిజమే. మొదటివాళ్లు ఫోన్ స్పీకర్లో విన్నారు, రెండోవాళ్లు ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నారు.

ఎన్ఈఎస్ అనే పాత నింటెండో గేమ్ యంత్రంలోని 2ఏ03 చిప్‌లో ఒక్కో స్వరం ఒక్కో ఛానెల్‌లో మోగుతుంది. మెలోడీకీ తోడు స్వరానికీ రెండు పల్స్ ఛానెళ్లు, బేస్‌కి అందరూ వాడేది ట్రయాంగిల్ ఛానెల్. అందులో అదే నోటు పల్స్ ఛానెల్ కన్నా ఒక ఆక్టేవ్ కింద, అంటే సగం ఫ్రీక్వెన్సీలో మోగుతుంది. ట్రాకర్‌లో సీ-2 అని వేస్తే పల్స్‌లో 131 హెర్ట్జ్ వస్తుంది, ట్రయాంగిల్‌లో 65 హెర్ట్జ్ వస్తుంది. చాలా ఫోన్ స్పీకర్లు 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకవు. 50 శాతం డ్యూటీ (తరంగం పైస్థాయిలో ఉండే వంతు) ఉన్న పల్స్‌లో అయితే మూడో హార్మోనిక్ (మూల స్వరానికి మూడు రెట్ల ఫ్రీక్వెన్సీలో పలికే ఉపస్వరం) బలం మూల స్వరంలో మూడో వంతు ఉంటుంది కాబట్టి, అసలు స్వరం పలకకపోయినా చెవి దాన్ని పోల్చుకుంటుంది. ట్రయాంగిల్‌లో అది తొమ్మిదో వంతే. పైగా 65 హెర్ట్జ్ నోటుకి మూడో హార్మోనిక్ 196 హెర్ట్జ్, అదీ ఆ హద్దు కిందే. ఇక మిగిలేది ఆ తరంగం 32 మెట్లుగా తయారవడం వల్ల 2000 హెర్ట్జ్ దగ్గర వచ్చే సన్నని "జుయ్" మాత్రమే. మీరు ఎంతో జాగ్రత్తగా నడిపించిన బేస్ వాళ్ల చేతిలో దోమ రొదగా మిగులుతుంది.

"బోసిగా ఉంది" అన్న మాట నమ్మి రెండో పల్స్ నిండా ఆర్పెజియోలు (వెంటవెంటనే మారే స్వరాలు) కుక్కుతారు. ఫోన్లో కాస్త నిండుగా అనిపిస్తుంది, ఇయర్‌ఫోన్స్‌లో ట్యూన్ పాడైపోతుంది. వాల్యూమ్ కాలమ్‌లో అంకె పెంచినా లాభం లేదు. ట్రయాంగిల్‌కి వాల్యూమ్ ఉండదు, మోగుతుంది లేదా ఆగుతుంది, అంతే.

ఎలా తేల్చుకోవాలంటే, ట్రయాంగిల్ ఛానెల్ ఒక్కదాన్నే వేవ్ ఫైలుగా తీయండి. ఫోన్లో ఇయర్‌ఫోన్స్ లేకుండా సగం వాల్యూమ్‌లో వినండి. రెండు నిమిషాల పని. బేస్ రాగం పోల్చుకోలేకపోతే కారణం దొరికినట్టే. ఇయర్‌ఫోన్స్‌లోనూ బేస్ లేకపోతే, ఫైలు తీసేటప్పుడు ఆ ఛానెల్ టిక్ పోయిందేమో చూడండి.

పరిష్కారం: బేస్ నోట్లన్నీ ఎంచుకుని కంట్రోల్ + ఎఫ్4 నొక్కి ఒక ఆక్టేవ్ పైకి జరపండి. సీ-2 కాస్తా సీ-3 అయి 131 హెర్ట్జ్‌కి వస్తుంది, మూడో హార్మోనిక్ 392కి చేరి ఫోన్లో కొంత పలుకుతుంది. రెండు ఆక్టేవ్‌లు జరపొద్దు, మెలోడీ మీద పడుతుంది. బేస్ ఇన్‌స్ట్రుమెంట్ ఆర్పెజియో సీక్వెన్స్‌లో "12 0" వేయండి. మొదటి 1/60 సెకను స్వరం ఒక ఆక్టేవ్ పైన మోగి కిందికి దిగుతుంది, ప్రతి నోటు మొదలూ తెలుస్తుంది. రెండో పల్స్‌లో ఖాళీ ఉన్నచోట బేస్ మొదటి దెబ్బని 12.5 శాతం డ్యూటీతో, వాల్యూమ్ 3తో జత చేయండి. ఇంతకు మించి నింపకండి.

ఈసారి పంపేటప్పుడు దేంట్లో వింటున్నారో మొదటే అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడగక మంచి ట్యూన్లు ఎన్నో పాడవుతున్నాయి.

సమస్య: "చెవులు గింగిర్లెత్తుతున్నాయి"

రెండు పల్స్‌లూ 50 శాతం డ్యూటీలో, వాల్యూమ్ 15లో, ఒకే ఆక్టేవ్‌లో ఉంటాయి. మెలోడీకి వీ01 (డ్యూటీ మార్చే ఎఫెక్ట్) పెట్టి 25 శాతం చేయండి, వాల్యూమ్ 12 చాలు. తోడు స్వరానికి వీ00 (12.5 శాతం), వాల్యూమ్ 5 లేదా 6. నోటు మొదటి నుంచి చివరి దాకా ఒకే స్థాయిలో మోగకుండా వాల్యూమ్ సీక్వెన్స్ "15 13 11 9 8 7" లాగా దించండి. "చప్పగా ఉంది" అన్నవాళ్లకూ చాలాసార్లు ఇదే మందు.

అరుదైనవి

నాయిస్ ఛానెల్ (డ్రమ్ముల్లాంటి గరగర శబ్దం) నీళ్లలో మోగినట్టుంటే ఎంపీ3 బిట్‌రేట్ తక్కువైంది, 320 కేబీపీఎస్ పెట్టండి. డ్రమ్ శాంపిల్ పడ్డప్పుడల్లా బేస్ తగ్గుతుంటే అది చిప్ మిక్సింగ్ స్వభావం, శాంపిల్ తగ్గించుకోండి. ఎవరైనా పాత క్యాసెట్ వీడియో గేమ్ డబ్బాలో (ఎన్ఈఎస్ నకలు యంత్రం) మోగించి "లీడ్ టోన్ వేరుగా ఉంది" అంటే, కొన్ని నకలు చిప్‌లలో 25, 50 శాతం డ్యూటీలు తారుమారై ఉంటాయి. దాని కోసం ట్యూన్ ముట్టుకోవద్దు.