పాఠశాల గ్రాంటు దరఖాస్తు సెప్టెంబరులోనే మొదలవుతుంది

సమగ్ర శిక్ష పథకం కింద ప్రభుత్వ, జిల్లా పరిషత్, మండల పరిషత్ పాఠశాలలకు ఏటా అందే గ్రాంటు కోసం ప్రత్యేకంగా దరఖాస్తు ఫారం అంటూ ఏదీ లేదు. అయినా సంక్రాంతి సెలవులు ముగిశాక ‘మా బడికి గ్రాంటు పెంచమని ఎవరికి లేఖ రాయాలి’ అని అడుగుతూ మండల విద్యా వనరుల కేంద్రానికి వచ్చే ప్రధానోపాధ్యాయులు, పాఠశాల యాజమాన్య కమిటీ చైర్మన్లు ప్రతి సంవత్సరం కనిపిస్తూనే ఉంటారు. అప్పటికి రాయదగిన లేఖ ఏదీ మిగిలి ఉండదు. సెప్టెంబరు 30 నాటికి ఉన్న పరిస్థితి అంటూ పాఠశాల యూడైస్ ప్లస్‌లో, అంటే దేశంలోని బడుల వివరాలన్నీ నమోదయ్యే కేంద్ర విద్యాశాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో, ఏమి నమోదు చేసిందో అదే దాని దరఖాస్తు. మండలం, జిల్లా, రాష్ట్రం, చివరికి ఢిల్లీ ఆ అంకెల మీదే తమ లెక్కలు వేసుకుంటాయి.

ఎంత వస్తుంది, దేన్ని బట్టి వస్తుంది

సర్వశిక్షా అభియాన్, రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్, ఉపాధ్యాయ విద్య పథకాలను కలిపి 2018–19లో సమగ్ర శిక్షను ప్రారంభించారు. 2021 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకు కాలానికి కేంద్ర మంత్రివర్గం దీనిని రూ.2,94,283.04 కోట్ల అంచనా వ్యయంతో కొనసాగించింది. అందులో కేంద్రం వాటా రూ.1,85,398.32 కోట్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వర్తించే నిష్పత్తి 60:40, అంటే ప్రతి వంద రూపాయల్లో అరవై కేంద్రం, నలభై రాష్ట్రం భరిస్తాయి. కింద ఇచ్చిన మొత్తాలు ఆ కాలపు మార్గదర్శకాల్లోనివి. అవి గరిష్ఠ పరిమితులే తప్ప హామీలు కావు కనుక, ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం రాష్ట్ర ప్రాజెక్టు డైరెక్టర్ కార్యాలయం ఇచ్చే సర్క్యులర్‌తో సరిచూసుకోవాలి.

పాఠశాల సమ్మిళిత గ్రాంటు పూర్తిగా విద్యార్థుల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది వరకు ఉన్న బడికి రూ.10 వేలు, 31 నుంచి 100 మంది వరకు రూ.25 వేలు, 250 మంది వరకు రూ.50 వేలు, 1,000 మంది వరకు రూ.75 వేలు, అంతకు మించితే రూ.లక్ష. కరెంటు బిల్లు, ఇంటర్నెట్, తాగునీరు, బోధనోపకరణాలు, పాడైన సామగ్రి మార్పిడి, భవనానికీ మరుగుదొడ్లకూ చిన్నపాటి మరమ్మతులు అన్నీ ఇందులోనే చూసుకోవాలి, కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికి కేటాయించాలి. క్రీడా సామగ్రికి ప్రాథమిక పాఠశాలకు రూ.5 వేలు, ప్రాథమికోన్నతకు రూ.10 వేలు, ఉన్నత పాఠశాలకు రూ.25 వేల వరకు విడిగా వస్తాయి. గ్రంథాలయ గ్రాంటు కూడా ఇలాగే స్థాయిని బట్టి ఉంటుంది.

ముప్పై ఒకటో పిల్లవాడు

పై మెట్లలో మొదటి రెండింటి మధ్య తేడా ఒక్క విద్యార్థి, పదిహేను వేల రూపాయలు. పల్లెల్లోని మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలు చాలావరకు ఈ గీత చుట్టుపక్కలే ఉంటాయి గనుక ఇక్కడ కొంచెం నిదానించాలి. మండల స్థాయిలో ఈ పట్టికలు సరిచూసిన రోజుల్లో నేను గమనించిన ఒక బడిలో హాజరు పట్టీ ప్రకారం 32 మంది పిల్లలున్నారు, మధ్యాహ్న భోజనం 32 మందికి వండుతున్నారు, యూడైస్‌లో మాత్రం 29 మందే కనిపిస్తున్నారు. జులైలో పక్క ఊరి ప్రైవేటు బడి నుంచి వచ్చిన ముగ్గురి పేర్లు అడ్మిషన్ రిజిస్టరులోకి ఎక్కాయి కానీ ఆన్‌లైన్‌లో పాత బడిలోనే ఉండిపోయాయి. ఆ ప్రధానోపాధ్యాయురాలు చేసిన తప్పేమీ లేదు. టీసీ చేతికి వచ్చింది కదా, పని అయిపోయిందనుకున్నారు.

పని అక్కడితో అవ్వదు. యూడైస్ ప్లస్ 2022–23 నుంచి తరగతుల వారీ మొత్తాలను కాకుండా ఒక్కొక్క విద్యార్థి వివరాన్ని విడివిడిగా తీసుకుంటోంది, ప్రతి విద్యార్థికీ పెన్ అనే శాశ్వత విద్యా సంఖ్య ఉంటుంది. పాత బడి ఆ విద్యార్థిని ‘టీసీతో వెళ్లినట్లు’ గుర్తిస్తేనే పేరు డ్రాప్ బాక్సులోకి వస్తుంది, అప్పుడు కొత్త బడి పెన్ నంబరు, పుట్టిన తేదీ ఇచ్చి తన ఖాతాలోకి ఇంపోర్ట్ చేసుకోవాలి. పాత బడి వదలకపోతే పోర్టల్‌లోనే రిలీజ్ రిక్వెస్ట్ పెట్టి, దాని సంగతి మండలంలో ఈ ఆన్‌లైన్ వివరాలు చూసే ఎంఐఎస్ కోఆర్డినేటర్‌కు చెప్పాలి. ఫీజు బకాయి ఉందని వదలని యాజమాన్యాలూ ఉన్నాయి. అలాంటి పేర్ల జాబితాను ఆగస్టు నెలాఖరులోగా మండల విద్యాధికారికి (ఎంఈఓ) రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు కాపీ దగ్గర పెట్టుకోవడం మంచిది. కొత్తగా ఒకటో తరగతిలో చేరిన పిల్లల విషయంలో పుట్టిన తేదీ, పేరు ఆధార్‌లో ఉన్నట్లుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి, ఎందుకంటే అక్షరం తేడా వచ్చినా ధ్రువీకరణ ఆగిపోతుంది.

పాత విద్యార్థులకు ముందుగా ప్రోగ్రెషన్ పూర్తి చేయాలి, అంటే కిందటేడు చదివిన తరగతి నుంచి పై తరగతికి జరపాలి. తర్వాత ప్రతి విద్యార్థికి సాధారణ వివరాలు, నమోదు వివరాలు, అందిన సౌకర్యాల వివరాలు అనే మూడు భాగాలూ పూర్తి చేయాలి. నమోదు గడువును పొడిగించడం మామూలే. అయితే పొడిగింపు వల్ల దొరికేది ఎక్కించడానికి సమయం మాత్రమే, లెక్కకు తీసుకునే తేదీ సెప్టెంబరు 30గానే ఉంటుంది.

భవనం, గదులు, మరుగుదొడ్లు

విద్యార్థుల భాగం మీద చూపే శ్రద్ధలో సగమైనా పాఠశాల వివరాల భాగం మీద చూపరు. పాఠశాల పదకొండు అంకెల యూడైస్ కోడ్‌తో లాగిన్ అయితే (ఆంధ్రప్రదేశ్ కోడ్‌లు 28తో, తెలంగాణవి 36తో మొదలవుతాయి) తరగతి గదులు ఎన్ని, వాటిలో బాగున్నవి, చిన్న మరమ్మతు కావలసినవి, పెద్ద మరమ్మతు కావలసినవి ఎన్ని, బాలికలకు వాడుకలో ఉన్న మరుగుదొడ్లు ఎన్ని, ర్యాంపు ఉందా అనే ప్రశ్నలు వస్తాయి. చాలామంది కిందటేటి సమాధానాలనే అలాగే ఉంచేస్తారు. పైకప్పు పెచ్చులూడి పిల్లలను వరండాలో కూర్చోబెడుతున్న గది కూడా ‘బాగుంది’ అనే గడిలోనే ఉండిపోతే, అదనపు గది కోసం జిల్లా పంపే ప్రతిపాదనలో ఆ బడి పేరు రాదు, ఎందుకంటే కొరత ఉన్న చోటనే సివిల్ పనులు ప్రతిపాదిస్తారు, ఆ కొరతను యూడైస్ అంకెలతోనే లెక్కిస్తారు. తనిఖీకి వచ్చినప్పుడు మాట పడాల్సి వస్తుందేమోనన్న జంకుతో మరుగుదొడ్లన్నీ పనిచేస్తున్నాయని రాసేవారి పరిస్థితీ ఇంతే. ఉన్నది ఉన్నట్లు రాయడమే ఇక్కడ లాభసాటి.

నమోదంతా అయ్యాక ప్రధానోపాధ్యాయుడు ఫైనలైజ్ చేస్తే మండలం, ఆపై జిల్లా సరిచూసి ధ్రువీకరిస్తాయి. ఒకసారి ధ్రువీకరణ అయిన అంకెను మార్చాలంటే పై స్థాయిలో అన్‌లాక్ చేయించుకోవాలి. కాబట్టి ఫైనలైజ్ చేసే ముందు రిపోర్టు ప్రింటు తీసి హాజరు పట్టీతో వరుస వారీగా టిక్కు పెట్టుకుంటూ చూడాలి. నూరు మంది లోపు బడికి అది అరపూట పని.

కమిటీ తీర్మానం, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ పాఠశాల యాజమాన్య కమిటీని ఏర్పాటు చేయమంటుంది. దానిలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సగం మంది మహిళలు ఉండాలి. 22వ సెక్షన్ ప్రకారం ఆ కమిటీ తయారుచేసే పాఠశాల అభివృద్ధి ప్రణాళికే ప్రభుత్వమో స్థానిక సంస్థో ఇచ్చే గ్రాంట్లకు ప్రాతిపదిక. మూడేళ్లకు ఒక ప్రణాళిక, అందులో మూడు వార్షిక ఉప ప్రణాళికలు ఉండాలని కేంద్ర నమూనా నియమాలు చెబుతున్నాయి. ఆచరణలో ఒక బడి ప్రణాళికను పక్క బడి జిరాక్సు తీసుకుని పేరు మార్చడం నేను చాలాసార్లు చూశాను. అక్టోబరు, నవంబరు నెలల్లో కమిటీ సమావేశం పెట్టి, తక్షణం కావలసిన రెండు మూడు పనులను అంచనా ఖర్చుతో సహా తీర్మానాల పుస్తకంలో రాసి, ప్రతిని కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయుని ద్వారా ఎంఈఓకు పంపిస్తే జిల్లా ప్రణాళిక తయారయ్యే వేళకు అందుతుంది. ఆ ప్రణాళికలోని గదుల, విద్యార్థుల సంఖ్యలు యూడైస్‌లోని వాటితో తేడా లేకుండా ఉండాలి.

మండలం నుంచి ఢిల్లీ వరకు

ఇక్కడి నుంచి పాఠశాల చేయగలిగింది పెద్దగా లేదు. జిల్లాల అంకెలన్నీ కలిపి రాష్ట్రం వార్షిక పని ప్రణాళిక, బడ్జెట్‌ను రూపొందించి ప్రబంధ్ పోర్టల్‌లో ఉంచుతుంది. కేంద్ర విద్యాశాఖలోని ప్రాజెక్టు ఆమోద మండలి దానిని పరిశీలించి, ఏ పద్దు కింద ఎన్ని పాఠశాలలకు ఎంత అన్నది ఆమోదిస్తుంది. రాష్ట్రాల వారీగా ఆ సమావేశాల నిర్ణయాలను బయటపెడతారు. మన రాష్ట్రం అడిగింది ఎంత, దక్కింది ఎంత అని తెలుసుకోగోరే కమిటీ సభ్యులు వాటిని తప్పక చదవాలి.

పాస్ బుక్కులో సున్నా

2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఏక నోడల్ ఏజెన్సీ పద్ధతిలో డబ్బు రాష్ట్ర స్థాయి ఖాతాలోనే ఉంటుంది, పాఠశాలది జీరో బ్యాలెన్స్ ఖాతా. ‘గ్రాంటు పడిందన్నారు, బ్యాంకులో సున్నా చూపిస్తోంది’ అని కంగారు పడేవారు ఇప్పటికీ ఉన్నారు. చూడవలసింది ప్రభుత్వ నిధుల చెల్లింపులు జరిగే పీఎఫ్‌ఎంఎస్ పోర్టల్‌లో పాఠశాలకు కేటాయించిన లిమిట్, అంటే ఖర్చు చేయగల గరిష్ఠ మొత్తం. దుకాణదారును ముందుగా వెండర్‌గా నమోదు చేసి, మేకర్ లాగిన్‌లో ఖర్చు ఎక్కించి, చెకర్ లాగిన్‌లో ఆమోదించి, వచ్చిన పేమెంట్ అడ్వైజ్ కాగితాన్ని ప్రింటు తీసి సంతకాలు చేసి బ్యాంకులో ఇవ్వాలి. ఆ కాగితానికి కాలపరిమితి ఉంటుంది, అందువల్ల తీసిన రోజో మర్నాడో బ్యాంకుకు చేర్చాలి. మార్చి 31న మిగిలిన లిమిట్ వెనక్కి పోతుంది. చివరి వారంలో అందరూ ఒక్కసారిగా మీద పడటంతో సర్వరు మొరాయిస్తుంది కనుక ఫిబ్రవరి నెలాఖరుకే బిల్లులు పూర్తి చేసుకోవాలి.

ఈ తొందరకు ఇంకో కారణం కూడా ఉంది. కేంద్ర వ్యయ శాఖ 2021 మార్చి 23న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం కేంద్రం తన వాటాను ఒక్కో విడతకు 25 శాతానికి మించకుండా ఇస్తుంది. అంతకు ముందు వచ్చినదానిలో కనీసం 75 శాతం ఖర్చయి, రాష్ట్రం తన వాటా కూడా జమచేస్తేనే తర్వాతి విడత వస్తుంది. వేల బడుల్లో చిన్న చిన్న మొత్తాలు కదలకుండా ఉండిపోతే, ఖర్చు పెట్టిన బడులకూ తర్వాతి విడత ఆలస్యమవుతుంది.

నిజంగానే దరఖాస్తు ఉన్నది

పీఎం శ్రీ మాత్రం ఇందుకు భిన్నమైనది. 2022 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ పథకం 2022–23 నుంచి 2026–27 వరకు 14,500కు పైగా పాఠశాలలకు ఉద్దేశించినది, వ్యయం రూ.27,360 కోట్లు, అందులో కేంద్రం వాటా రూ.18,128 కోట్లు. ఇందులో పాఠశాల తానే ఆన్‌లైన్‌లో పోటీ పద్ధతిలో దరఖాస్తు చేసుకోవాలి. పథకం మొదటి రెండేళ్లలో పోర్టల్‌ను మూడు నెలలకొకసారి తెరవాలని నిర్దేశించారు. బ్లాకుకు గరిష్ఠంగా రెండు పాఠశాలలకే, అంటే ఒక ప్రాథమిక స్థాయి, ఒక మాధ్యమిక స్థాయి బడికే అవకాశం. అయితే దరఖాస్తు చేయడానికి అర్హత గల బడుల జాబితాను పక్కా భవనం, ర్యాంపు, బాలబాలికలకు కనీసం ఒక్కొక్క మరుగుదొడ్డి వంటి కనీస ప్రమాణాలను యూడైస్ ప్లస్‌లో చూసే తయారుచేస్తారు. ర్యాంపు కట్టి, పోర్టల్‌లో ‘లేదు’ అని వదిలేసిన బడికి దరఖాస్తు పేజీయే తెరుచుకోదు.

ఖర్చు ముగిశాక

బిల్లులు, వోచర్లు, నగదు పుస్తకం, స్టాకు రిజిస్టరు, కమిటీ తీర్మానం ఒకదానితో ఒకటి సరిపోయేలా ఉంచుకుని వినియోగ ధ్రువపత్రాన్ని మండలంలో ఇవ్వాలి. తీర్మానం తేదీ బిల్లు తేదీకి ముందే ఉండాలి; ఆడిట్‌లో మొట్టమొదట చూసేది దానినే. రెండు వేల రూపాయల చీపుర్లు, ఫినాయిల్ కొన్న బిల్లయినా సరే పారిశుద్ధ్యం కింద విడిగా చూపాలి, ఎందుకంటే పదో వంతు నిబంధనకు వేరే రుజువు ఉండదు. వినియోగ ధ్రువపత్రం ఇచ్చినట్లు ఎంఈఓ కార్యాలయం ముద్ర వేసిన కాపీని ప్రధానోపాధ్యాయుడు బదిలీ అయ్యేటప్పుడు చార్జి జాబితాలో చేర్చి అప్పగించాలి.