పీపా ఏల్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తాగకండి

శరదృతువు కోసం దాచుకున్న ఫామ్‌హౌస్ ఏల్ (ఒక రకం బీరు), అదీ ఓక్ చెక్క పీపాలో మాగినది, తెరిచాక పులుపు తప్ప ఇంకేమీ తెలియకపోతే ఉసూరుమనిపిస్తుంది. చాలాసార్లు తప్పు ఏల్‌ది కాదు, చల్లదనానిది.

ముందురోజే సీసాను ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టండి, మడ్డి అడుగుకు చేరుతుంది. తాగే ముందు 20 నుంచి 30 నిమిషాలు బయట ఉంచితే 10–12 డిగ్రీల సెల్సియస్‌కు వస్తుంది. అంచు దగ్గర సన్నబడే గ్లాసును వంచి, నెమ్మదిగా 100 మిల్లీలీటర్లు మాత్రమే పోయండి. అడుగున వేలెడు మందం సీసాలోనే వదిలేయండి. వాసన చూసి ఒక చిన్న గుక్క తాగి, పది నిమిషాలు ఆగండి. తర్వాతి గుక్కలో చెక్క వాసన, వనిల్లా, ఎండుగడ్డి, మిరియాల ఘాటు ఒక్కొక్కటిగా బయటపడతాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన గుక్క అదే.

ఈ రకంలో గ్యాసు ఎక్కువ. సీసా మరీ వెచ్చబడితే మూత తీయగానే నురగ పొంగిపోతుంది, మడ్డి కూడా కలిసిపోతుంది. గది వేడిగా ఉంటే 15 నిమిషాలు చాలు. వెనిగర్ వాసన ముక్కుకు కొట్టేలా వస్తే మాత్రం ఎంతసేపు ఆగినా ఆ ఏల్ బాగుపడదు.