వేలం పాటను సొంత వెబ్‌సైట్‌కి తెచ్చుకోవాలంటే

నేను తిరుపతిలో పాత నాణేలు, స్టాంపులు, ఇత్తడి సామాన్లు ఆన్‌లైన్‌లో వేలం వేసి అమ్ముతాను. ఆరేళ్ళు ఒక పెద్ద వేలం సైట్‌లో అమ్మాను, కమీషను, లిస్టింగ్ ఫీజు, పేమెంట్ ఫీజు అన్నీ కలిపి నూటికి పదహారు దాకా పోతుంటే ఓపిక నశించి సొంత సైట్ పెట్టుకున్నాను. పెట్టిన మొదటి శుక్రవారం రాత్రే 40 లాట్లు (పాటకి పెట్టే ఒక్కో వస్తువు లేదా సెట్ ఒక లాట్) ఒకేసారి పాటకి పెట్టాను. 31 లాట్లకి ఒక్కరూ పాడలేదు. మిగిలిన తొమ్మిదిలో ఒకటి ఇత్తడి దీపపు సెమ్మె, నేను రెండు వేల ఆరొందలు పెట్టి కొన్నది, జనం ఎగబడతారని రూపాయితో మొదలుపెట్టాను. ఇద్దరే పాడారు, రెండో ఆయన నూరు దగ్గర నిద్రపోయినట్టున్నాడు, నూట పదికి పాట ముగిసింది. ఒప్పుకున్నాక తప్పుతుందా, పంపించాను. పార్సిల్ ఖర్చే దానికంటే ఎక్కువైంది.

మదనపల్లె టమాటా యార్డు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి వ్యాపారులు గుంపుగా నిలబడతారు కాబట్టే అక్కడ బాక్సు రేటు పైకి పోతుంది, అవే బాక్సులు మన వీధి చివర పెట్టుకుని కూర్చుంటే అడిగినవాడిదే రేటు. పాటలో ధర తెచ్చేది రెండో పాటగాడు. పెద్ద సైట్‌వాళ్ళు కమీషను తీసుకునేది ఆ రెండో మనిషిని తెచ్చి నిలబెట్టినందుకే, మనం బయటికి వస్తే ఆ పని మన నెత్తిన పడుతుంది. అందుకని సైట్ ఎలా కట్టాలి అనేదానికంటే ముందు పాటగాళ్ళని ఎలా పోగేయాలి అని ఆలోచించండి.

పాత స్టోర్ మూసేయకండి. ముందు అందులోంచి మీ రెండు మూడేళ్ళ అమ్మకాల లెక్క డౌన్‌లోడ్ చేసుకుని కూర్చోండి. ప్రతిసారీ అటూ ఇటూగా ఒకే రేటుకి పోయే సరుకు ఏదో అందులో కనిపిస్తుంది. నా విషయంలో స్టాంపుల ప్యాకెట్లు, మామూలు అణా, పైసల సెట్లు, చిన్న ఇత్తడి గంటలు. వీటికి వేలం అనవసరం, సొంత సైట్‌లో ఫిక్స్‌డ్ రేటుకి పెట్టేయండి. అరుదైనవి, ఇద్దరు పట్టుదలగా పాడితే మూడింతలయ్యేవి మాత్రం పాత చోటే ఉంచండి. నేను ఎనిమిది నెలలు అలాగే నడిపాక గానీ మళ్ళీ సొంత పాట పెట్టలేదు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. పాత సైట్‌లో కొన్నవాళ్ళ ఈమెయిళ్ళు, ఫోన్ నెంబర్లు అన్నీ ఎక్సెల్‌లో దింపుకుని "మా కొత్త సైట్‌కి రండి" అని మెసేజ్‌లు కొట్టడం. ఆ వివరాలు పార్సిల్ పంపడానికి ఇచ్చినవి, పైగా అక్కడ పరిచయమైన కొనుగోలుదారుని బయటికి లాక్కుపోవడం సాధారణంగా ఆ సైట్ల రూల్స్‌కి విరుద్ధం. ఒక్కరు ఫిర్యాదు చేసినా అకౌంట్ పోతుంది, అదీ మనకి ఇంకా తిండి పెడుతున్న అకౌంటు. దానికి బదులు స్టోర్ పేరూ సైట్ పేరూ ఒకటే పెట్టండి, వెతికేవాడికి దొరుకుతారు. నాణేల ఎగ్జిబిషన్లకి వెళ్ళినప్పుడు కార్డు ఇవ్వండి. ఒక వాట్సాప్ ఛానెల్ పెట్టి వారానికి రెండుసార్లు ఒక నాణెం గురించి నాలుగు ముక్కలు రాయండి, ఏది అసలు ఏది పోత పోసిన నకిలీ అని ఫొటోతో చూపించండి. నా పాటగాళ్ళలో ఎక్కువమంది అలా వచ్చినవాళ్ళే.

డొమైన్, అంటే సైట్ అడ్రసు, మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో, మీ డబ్బుతో కొనండి. నాకు సైట్ చేసిపెట్టిన కుర్రాడు మంచివాడే, కానీ డొమైన్ తన అకౌంట్‌లో కొన్నాడు. ఏడాది తిరిగేసరికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి ఫోన్ ఎత్తడం మానేశాడు. రెన్యువల్ డేట్‌కి నాలుగు రోజుల ముందు వాళ్ళ నాన్నగారిని కొర్లగుంటలో వెతికి పట్టుకోవాల్సి వచ్చింది, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఇక సైట్. ఫిక్స్‌డ్ రేటు అమ్మకాలకి షాపిఫై లాంటి రెడీమేడ్ స్టోర్ ఏదైనా సరిపోతుంది, వేలం కూడా కావాలంటే సైట్ కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ మీద అమ్మకాల కోసం వూకామర్స్ వేసి, దానికి ఒక ఆక్షన్ ప్లగిన్ (వేలం నడిపే అదనపు ముక్క) కలపడం తక్కువ ఖర్చు దారి. కానీ వర్డ్‌ప్రెస్‌లో వేలం నడిపేటప్పుడు మూడు గుంటలున్నాయి, మూడింట్లోనూ నేను పడ్డాను.

మొదటిది టైమ్. సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ కోల్‌కతా అని మార్చకుండా వదిలేస్తే అది యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక. రాత్రి తొమ్మిదికి ముగియాలని పెట్టిన పాట తెల్లవారుజామున రెండున్నరకి ముగిసింది. ఇక్కడ అందరూ పడుకున్నాక అమెరికాలో ఉండే ఒకాయన తీరిగ్గా కూర్చుని అన్నీ పాడుకున్నాడు.

రెండోది క్రాన్, అంటే పెట్టిన టైమ్‌కి పనులు నడిపే ఏర్పాటు. వర్డ్‌ప్రెస్‌లో టైమ్‌కి జరగాల్సిన పనులు నిజానికి ఎవరైనా పేజీ తెరిచినప్పుడే జరుగుతాయి. జనం లేని సైట్‌లో తొమ్మిదికి ముగియాల్సిన పాట తొమ్మిదీ పదిహేడుకి ఎవడో దారి తప్పి వచ్చినప్పుడు ముగుస్తుంది, గెలిచినవాడికి మెయిల్ అప్పుడు పోతుంది. సైట్ ఉండే సర్వర్‌ని అద్దెకిచ్చే హోస్టింగ్‌వాళ్ళకి చెప్పి వర్డ్‌ప్రెస్ సొంత క్రాన్ ఆపించి, సర్వర్ క్రాన్ నిమిషానికోసారి నడిచేలా పెట్టించుకోండి. ఐదు నిమిషాల పని.

మూడోది క్యాష్, డబ్బు కాదు, పేజీ క్యాష్. సైట్ వేగంగా రావాలని పేజీ కాపీ దాచిపెట్టి చూపించే ఏర్పాటు అది. వేలం పేజీకి అదే విషం. పాట 650కి చేరినా చూసేవాడికి 400 కనిపిస్తుంది, వాడు 450 పాడితే చెల్లదంటుంది, వాడు మనల్ని దొంగ అనుకుంటాడు. వేలం పేజీలన్నిటినీ క్యాష్ నుంచి తప్పించండి. తర్వాత రెండు ఫోన్లు తీసుకుని, ఇంట్లోవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, ఒకే క్షణంలో ఒకే రేటు నొక్కి చూడండి. ఒక్కటే నిలవాలి, రెండోది "మీకంటే ముందు పాడారు" అని రావాలి. రెండూ పడితే ఆ ప్లగిన్ వద్దు.

చివరి సెకన్లో పాడి ఎగరేసుకుపోయేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. మామూలు వేలంలో "ఒకటోసారి, రెండోసారి" అని ఆగేది ఇందుకే కదా, ఆన్‌లైన్‌లో దానికి సమానం ఏంటంటే ఆఖరి మూడు నిమిషాల్లో ఎవరు పాడినా గడువు ఇంకో మూడు నిమిషాలు జరిగేలా పెట్టడం. మంచి ప్లగిన్లలో ఈ సెట్టింగ్ ఉంటుంది. అలాగే "నా గరిష్ఠం ఇంత" అని ముందే చెప్పి వదిలేసే సదుపాయం కూడా చూసుకోండి, డ్యూటీలో ఉండేవాళ్ళు దాంతోనే పాడతారు.

అన్నిటికంటే ముఖ్యమైనది మాత్రం "మీ మీద ఇంకొకరు పాడారు" అనే మెయిల్. పాటని బతికించేది అదే, అది స్పామ్‌లో పడితే రెండో పాటగాడు లేనట్టే. చవక హోస్టింగ్ నుంచి నేరుగా పోయే మెయిళ్ళు తరచూ స్పామ్‌కే పోతాయి, అందుకని వేరే మెయిల్ సర్వీసు తీసుకుని డొమైన్‌లో ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు (మెయిల్ నిజంగా మన దగ్గర్నుంచే వచ్చిందని చూపేవి) పెట్టించండి. ఎస్సెమ్మెస్ కావాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల పోర్టల్‌లో మీ పేరు, హెడర్ (మెసేజ్ పంపినవారిగా కనిపించే పేరు), మెసేజ్ నమూనా రిజిస్టర్ చేయించాలి, దానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ముందే మొదలుపెట్టండి.

గెలిచి డబ్బు కట్టనివాళ్ళ సంగతి. పెద్ద సైట్‌లో అయితే ఎగ్గొట్టినవాడికి వాళ్ళే ఏదో శిక్ష వేస్తారు, మన దగ్గర ఆ భయం ఉండదు. కార్డు నెంబరు దాచుకుని గెలవగానే లాగేద్దాం అనుకోకండి, ఆర్‌బీఐ 2022 అక్టోబరు నుంచి వ్యాపారి కార్డు నెంబర్లు దాచుకోకూడదని పెట్టింది. పాత పద్ధతే మేలు, ధరావతు. టీటీడీ హుండీలో వచ్చిన వాచీలు, సెల్‌ఫోన్లు ఈ-వేలం వేస్తుంది కదా, అలాంటి చోట్ల ముందు ధరావతు కట్టనిదే పాడనివ్వరు. నేను కొత్తవాళ్ళ దగ్గర ఐదు వందలు తీసుకుంటాను, గెలవకపోతే రెండు రోజుల్లో తిరిగి వేస్తాను. గెలిచి 48 గంటల్లో కట్టకపోతే ధరావతు పోతుంది, సరుకు రెండో ఆయనకి ఆయన పాడిన రేటుకే ఇవ్వజూపుతాను. ఇదంతా రూల్స్ పేజీలో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ముందే రాసి ఉండాలి.

రూల్స్ అంటే గుర్తొచ్చింది, మొదట్లో మా బావమరిది ఒక సలహా ఇచ్చాడు: "బావా, ఎవరూ పాడకపోతే నేను వేరే పేరుతో పాడి పెంచుతాలే." వద్దు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 64వ సెక్షన్‌లో వేలం గురించే ఉంది. అమ్మేవాడు తాను పాడతానని ముందే ప్రకటించకుండా తానుగానీ తన మనిషి చేతగానీ పాడిస్తే కొన్నవాడు దాన్ని మోసంగా పరిగణించవచ్చు. నష్టం రాకూడదంటే దానికి సరైన దారి రిజర్వు ధర, ఫలానా రేటు రాకపోతే అమ్మను అని ముందే చెప్పడం. సర్కారువారి పాట అనేది కూడా అలాంటిదే. సెమ్మె విషయంలో నేను చేయనిది అదే.

డబ్బు వసూలుకి రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ లాంటి గేట్‌వే ఒకటి తీసుకోవాలి. కార్డుల మీద రెండు శాతం దగ్గర, దాని మీద 18 శాతం జీఎస్టీ. పాన్, బ్యాంకు అకౌంటుతో పాటు సైట్‌లో రిఫండ్, డెలివరీ, ప్రైవసీ, కాంటాక్ట్ పేజీలు ఉన్నాయా అని చూస్తారు, అవి లేకుండా అప్లై చేసి రెండు వారాలు పోగొట్టుకోకండి. రాష్ట్రం దాటి సరుకు పంపితే అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి, నోటిఫై చేసిన కొన్ని హస్తకళా వస్తువులకి మాత్రమే ఒక పరిమితి దాకా మినహాయింపు, మీ సరుకు అందులో ఉందో లేదో ఆడిటర్‌ని అడగండి. పాత సైట్ మీ అమ్మకాల మీద పట్టుకున్న పన్ను (టీసీఎస్) ఉంటుంది, అది మీ జీఎస్టీ పోర్టల్‌లో క్లెయిమ్ చేసుకోవడం మర్చిపోకండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు చూసే మనిషి పేరు, నెంబరు సైట్‌లో ఉండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. ఆ మనిషి మా ఇంట్లో మా ఆవిడ, నాకంటే ఆమెకి ఓర్పు ఎక్కువ.

సరుకు గురించి కూడా ఒక జాగ్రత్త. పెద్ద సైట్‌లో నిషేధ వస్తువులు పెడితే వాళ్ళే తీసేస్తారు, సొంత సైట్‌లో ఆపేవాడు ఉండడు, పోలీసులు తప్ప. నూరేళ్ళు దాటిన నాణేలు, విగ్రహాలు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి, వాటితో వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటువాళ్ళు విదేశాలకి పంపకూడదు. మన శేషాచలం పక్కన ఉంటూ ఎర్రచందనం సంగతి నేను చెప్పాలా. మాధవమాల బొమ్మలు అమ్మేవాళ్ళు ఏ చెక్కో ప్రతి లిస్టింగ్‌లో రాయండి, ఎర్రచందనం అయితే కాగితాలు లేనిదే ముట్టుకోకండి.

ఇప్పుడు నా పాట ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి, పన్నెండే లాట్లు. అన్నీ ఒకేసారి ముగియవు, ఐదేసి నిమిషాల తేడాతో ఒక్కోటి ముగుస్తుంది, ఒకటి పోగొట్టుకున్నవాడు ఆ కసితో తర్వాతదాని మీద పాడతాడు. లాట్లు తగ్గించాక పాడేవాళ్ళు ఒకచోట కూడారు, 40 పెట్టినప్పటికంటే ఎక్కువ డబ్బు వస్తోంది. బ్రహ్మోత్సవాల్లో, ముఖ్యంగా గరుడ సేవ వారం, పాట పెట్టను, ఊళ్ళో పార్సిల్ పట్టుకుని బండి కదిలించడమే కష్టం. ప్యాకింగ్ మొత్తం వీడియో తీస్తాను, నాణేలైతే తూకం కూడా వీడియోలో కనిపిస్తుంది, "ఇంకో నాణెం పంపారు" అనే గొడవలు దాంతో చాలావరకు తగ్గాయి.

నెలకి రెండు మూడు అరుదైన నాణేలు ఇప్పటికీ పాత సైట్‌లోనే పెడతాను, కమీషను పోతే పోనీ. ఆ సెమ్మె కొన్న హోసూరు ఆయన ప్రతి ఆదివారం వస్తాడు, పాట ముగిశాక మెసేజ్ పెడతాడు: "స్వామీ, రూపాయి లాట్ మళ్ళీ ఎప్పుడు?"