మణికట్టు ఎముకకు చిన్న కోత ఆపరేషన్: ముందూ తర్వాతా పాటించవలసిన జాగ్రత్తలు

వానాకాలంలో విశాఖలో సింహాచలం మెట్ల మీద కాలు జారినా, బీచ్ రోడ్డు మలుపులో బండి పట్టు తప్పినా మనిషి సహజంగా అరచేయి ఆనించి పడతాడు. ఆ బరువుకు ముంజేతిలోని రేడియస్ ఎముక చివర గానీ, బొటనవేలి మొదట్లోని స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక గానీ విరగవచ్చు.

ఎక్కువగా మోసం చేసేది స్కాఫాయిడే. బొటనవేలిని వెనక్కి చాపితే దాని మొదట్లో ఏర్పడే గుంటలో నొక్కి చూసినప్పుడు నొప్పి పుడితే, మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా దాన్ని బెణుకుగా భావించి పసరు కట్టుతోనో మాలీషుతోనో సరిపెట్టకూడదు. వైద్యులు తాత్కాలికంగా కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రే గానీ, అవసరమైతే ముందే ఎంఆర్ఐ గానీ తీయిస్తారు. ఈ ఎముకకు రక్తం ప్రధానంగా వేళ్ల వైపు నుంచి వెనక్కి అందుతుంది కనుక, నడుమ విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం చాలక అతుకు పడకపోయే ప్రమాదం ఉంది.

ముక్కలు పెద్దగా పక్కకు జరగకపోతే, సి-ఆర్మ్ (ఆపరేషన్ జరుగుతుండగానే ఎముకను ఎక్స్‌రేలో చూపించే యంత్రం) తెర మీద చూస్తూ, కొన్ని మిల్లీమీటర్ల కోత గుండా సన్నని తీగను ఎముకలోకి పంపి, దాని ఆధారంగా తల లేని స్క్రూను బిగిస్తారు. రేడియస్ విరిగినప్పుడు కొందరికి చర్మం గుండా కె-వైర్లు అనే సన్నని లోహపు కడ్డీలు గుచ్చి నిలబెడతారు. ముక్కలు బాగా జరిగినా, కీలు లోపల నలిగినా పెద్ద కోత తప్పకపోవచ్చు. అలా చెప్పిన వైద్యుణ్ణి అనుమానించనక్కర్లేదు.

ఆపరేషన్‌కు ముందు మధుమేహం, రక్తం పలచబరిచే మాత్రలు, మందులు పడకపోవడం వంటి విషయాలన్నీ చెప్పాలి. ఆ మాత్రలను సొంతంగా ఆపకూడదు. సాధారణంగా 6 గంటల ముందు నుంచి ఆహారం మానమంటారు. వాపు పెరిగాక ఉంగరం కోసి తీయవలసి వస్తుంది కనుక దెబ్బ తగిలిన వెంటనే ఉంగరాలు, గాజులు తీసేయాలి. పొగతాగడం అతుకును ఆలస్యం చేస్తుంది. ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను, పూర్తిగా మానేయండి.

తర్వాత చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచి, కట్టు బయట ఉన్న వేళ్లను మొదటి రోజు నుంచే ముడుస్తూ చాపుతూ ఉండాలి, లేకపోతే అవి బిగుసుకుపోతాయి. మన ఊరి ఉక్కకు కట్టు లోపల చెమట పట్టి దురద పెడితే పుల్లతో గోకకూడదు. వైర్లు చర్మం బయటికి ఉంటే స్నానంలో గానీ, వానలో గానీ అవి తడవకూడదు. వైర్ చుట్టూ ఎర్రబడి చీము కారినా, వేళ్లు తిమ్మిరెక్కినా, నీలంగా మారినా, మందులు వేసినా నొప్పి పెరుగుతూ పోయినా మరుసటి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా, అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి.

కోత వారాల్లో మానినా, ఎముకకు నెలలు పట్టవచ్చు. ఫిషింగ్ హార్బర్‌లో వల లాగేవారు, పోర్టులో బరువులెత్తేవారు అతుకు పడిందని ఎక్స్‌రే చూసి వైద్యుడు చెప్పేదాకా ఆ చేతితో పని మొదలుపెట్టకూడదు.