ఆలివ్ నూనెతో కేకులు ఎలా చేయాలి?

వెన్న కొలత చూసి అంతే ఆలివ్ నూనె పోసేస్తే కేక్ అడుగున జిడ్డు పేరుకుంటుంది, పైన సరిగా పొంగదు. తప్పు నూనెది కాదు. కేక్‌లో వెన్న మూడు పనులు చేస్తుంది. చక్కెరతో కలిపి గిలక్కొడితే గాలిని పట్టి ఉంచుతుంది, తనలో ఉన్న నీటిని పిండికి ఇస్తుంది, చల్లారాక గట్టిపడి కేక్‌కు నిలకడ ఇస్తుంది. ఆలివ్ నూనె ఈ మూడింటిలో ఒక్కటీ చేయదు. అది చేసే మేలు వేరు. మైదాలోని ప్రోటీన్లకు పూతలా అంటుకుని అవి సాగే గ్లూటెన్‌గా అల్లుకోకుండా అడ్డుపడుతుంది. గదిలో ఉన్నా గట్టిపడదు కనుక కేక్ మూడో రోజుకు కూడా మెత్తగానే ఉంటుంది.

కాబట్టి గాలి పట్టే పనిని గుడ్లకు, తడి ఇచ్చే పనిని పెరుగుకో పాలకో పండ్ల రసానికో అప్పగించాలి. ఆ అప్పగింత సరిగా జరిగితే ఆలివ్ నూనె కేక్ చెడిపోవడం అరుదు.

ముందు నూనె సంగతి

సీసా మీద ‘ఎక్స్‌ట్రా వర్జిన్’ అని ఉంటే అది రసాయనాలు వాడకుండా కాయల నుంచి నేరుగా తీసిన నూనె. అందులో ఫ్రీ ఆమ్లత్వం, అంటే కొవ్వు నుంచి విడిపోయిన ఆమ్లాల వాటా, 0.8 శాతం దాటకూడదు. కాయ వాసన, కొంత చేదు, గొంతులో చిన్న మంట దీనిలోనే ఉంటాయి. ఆ మంటకు కారణం ఓలియోకాంథాల్ అనే పదార్థం, అది ఉండటం లోపం కాదు. ‘లైట్’ అని రాసి ఉన్నది శుద్ధి చేసిన నూనె. అందులో రుచీ రంగూ తక్కువ, కేలరీలు మాత్రం తక్కువ కావు. ‘పొమేస్’ అంటే కాయలు పిండాక మిగిలిన పిప్పి నుంచి ద్రావకంతో తీసి శుద్ధి చేసినది. కేక్ దానితోనూ పొంగుతుంది గానీ ఆలివ్ రుచి కోసం చేసే కేక్‌కు అది దండగ.

కొన్న నూనెను అర చెంచా నాలుక మీద వేసుకుని చూడండి. చేదు, మంట బాగా తెలిసే నూనెను చాక్లెట్ కేకులకు వాడండి. కోకో చేదులో అది కలిసిపోయి రుచిని లోతు చేస్తుంది. నిమ్మ, నారింజ, వెనిలా కేకులకు మృదువైన ఎక్స్‌ట్రా వర్జిన్ కావాలి. మీ దగ్గర ఘాటు నూనె మాత్రమే ఉంటే అందులో సగం, లైట్ సగం కలిపి వాడండి. పాత వేరుశనగపప్పులా, మైనంలా కనరు వాసన వేస్తే ఆ సీసా పక్కన పెట్టేయండి. ఓవెన్ వేడి ఆ వాసనను పోగొట్టదు, ఇంకా పైకి తెస్తుంది.

ఎక్స్‌ట్రా వర్జిన్ వేడికి పాడవుతుందని చాలామంది భయపడతారు. దాని నుంచి పొగ రావడం సుమారు 190 నుంచి 210 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలవుతుంది. ఓవెన్ 170లో ఉన్నా కేక్ లోపలి తడి వల్ల మధ్యభాగం 100 డిగ్రీలు దాటదు. నూనె నుంచి పొగ రాదు గానీ దాని సువాసనలో కొంత ఆవిరితో పోతుంది. అందుకే బాగా ఖరీదైన సీసాను పిండిలో పోయకండి, వడ్డించేటప్పుడు పైన చుక్కలుగా వేయడానికి ఉంచుకోండి.

నారింజ కేక్: కావలసినవి

20 సెంటీమీటర్ల గుండ్రటి టిన్‌కు, అంచు కనీసం 6 సెంటీమీటర్ల ఎత్తుండాలి:

- మైదా 200 గ్రాములు
- చక్కెర 200 గ్రాములు, పైన చల్లడానికి మరో టేబుల్‌స్పూన్
- గుడ్లు 3 (పెంకు తీశాక మొత్తం సుమారు 150 గ్రాములు)
- ఆలివ్ నూనె 160 మిల్లీలీటర్లు (సుమారు 146 గ్రాములు)
- చిక్కటి, పులుపు తక్కువ పెరుగు 120 గ్రాములు
- నారింజ రసం 40 మిల్లీలీటర్లు, రెండు నారింజల తొక్క తురుము
- బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు
- బేకింగ్ సోడా పావు టీస్పూన్
- ఉప్పు అర టీస్పూన్

నూనెను త్రాసు మీద తూచడం మేలు. కప్పు గోడలకు అంటుకుని ఎంతో కొంత ఉండిపోతుంది, పైగా 160 మిల్లీలీటర్లంటే 160 గ్రాములనుకుని పోస్తే నూనె ఎక్కువవుతుంది. ఉప్పు అర టీస్పూన్ చూసి ఎక్కువనుకోకండి. అది లేకపోతే ఆలివ్ రుచి చప్పగా, పచ్చిగా తోస్తుంది.

చేసే విధానం

1. గుడ్లు, పెరుగు గంట ముందే ఫ్రిజ్‌లోంచి బయట పెట్టండి. ఓవెన్‌ను 170 డిగ్రీలకు వేడెక్కనివ్వండి, ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 155 చాలు. టిన్ లోపల నూనె రాసి, అడుగున బటర్ పేపర్ పరవండి.

2. మైదా, బేకింగ్ పౌడర్, సోడా, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించండి. పెరుగు, నారింజ రసం వేరే గిన్నెలో గడ్డలు లేకుండా చిలకండి.

3. చక్కెరలో తొక్క తురుము వేసి వేళ్లతో రెండు నిమిషాలు నలపండి. తొక్కలోని సుగంధ తైలం చక్కెరకు పడుతుంది, చక్కెర లేత నారింజ రంగులో తడిగా మారుతుంది. ఇది వదిలేయదగ్గ పని కాదు, కేక్ వాసనలో పెద్ద వాటా దీనిదే. తురిమేటప్పుడు తొక్క కింది తెల్లని పొర రాకుండా చూడండి, అది చేదు.

4. ఆ చక్కెరలో గుడ్లు వేసి ఎలక్ట్రిక్ బీటర్‌తో 5 నిమిషాలు, చేతి విస్క్ అయితే 8 నుంచి 10 నిమిషాలు గిలక్కొట్టండి. మిశ్రమం పాలిపోయి, మొదటి పరిమాణానికి దాదాపు మూడింతలు కావాలి. బీటర్ ఎత్తితే జారిన ధార రెండు మూడు సెకన్లు పైన గీతలా నిలిచి తర్వాత కరగాలి. ఇంతవరకు రాకుండా ముందుకు వెళ్లొద్దు. కేక్‌లోకి చేరే గాలి అంతా ఇక్కడే చేరాలి.

5. బీటర్‌ను మధ్యస్థ వేగంలో తిప్పుతూ నూనెను దారంలా సన్నటి ధారగా పోయండి. మొత్తం పోయడానికి రెండు నిమిషాలు పట్టాలి. గుడ్డు సొనలోని లెసిథిన్ నూనెను సూక్ష్మమైన బిందువులుగా విడగొట్టి తడిలో నిలిపి ఉంచుతుంది. నూనె ఒక్కసారిగా పడితే ఆ బిందువులు ఏర్పడే వ్యవధి ఉండదు. ఓవెన్‌లో నూనె వేరుపడి అడుగుకు దిగుతుంది. పోయడం అయ్యాక మిశ్రమం మెరుస్తూ, కొంచెం చిక్కగా ఉండాలి. అంచుల వెంట నూనె గీతలు కనిపిస్తే మరో నిమిషం బీట్ చేయండి.

6. బీటర్ తీసేయండి. పిండి మిశ్రమంలో సగం వేసి సిలికాన్ గరిటెతో అడుగు నుంచి పైకి మడుస్తూ కలపండి, తర్వాత పెరుగు మిశ్రమం, తర్వాత మిగిలిన పిండి. పొడి పిండి కనిపించకుండా పోయిన క్షణం ఆపేయండి. గరిటె ఎత్తితే వెడల్పాటి పట్టీలా జారాలి. వెన్న కేక్ పిండితో పోలిస్తే ఇది పలచనే, భయపడి ఇంకా మైదా కలపకండి.

7. టిన్‌లో పోసి, పైన టేబుల్‌స్పూన్ చక్కెర సమంగా చల్లండి. ఓవెన్ మధ్య అరలో 45 నుంచి 50 నిమిషాలు ఉంచండి. 35 నిమిషాల లోపు తలుపు తీయకండి.

ఉడికిందో లేదో పుల్లతో చూసేటప్పుడు ఒక తికమక ఉంది. పుల్లకు సన్నని నూనె మెరుపు అంటడం ఈ కేక్‌లో మామూలే. చూడాల్సింది పచ్చిపిండి అంటిందా అన్నది. ఒకటి రెండు తడి ముక్కలు అంటుకుంటే తీసేయవచ్చు. థర్మామీటర్ ఉంటే మధ్యలో 96 నుంచి 98 డిగ్రీలు చూపాలి. అంచు టిన్ గోడను కొద్దిగా వదలడం కూడా గుర్తే.

టిన్‌లోనే 15 నిమిషాలు చల్లార్చి తర్వాత జాలీ మీద పెట్టండి. కనీసం రెండు గంటలు కోయకండి. మర్నాటికి నారింజ, ఆలివ్ రుచులు కలిసి ఇంకా బాగుంటుంది కనుక విందుకైతే ముందురోజే చేసి పెట్టుకోండి.

గుడ్లు లేకుండా

గుడ్లు తీసేస్తే గాలి, లెసిథిన్ రెండూ పోతాయి. అప్పుడు పొంగే భారం సోడా, పెరుగు పులుపుల మీద పడుతుంది. మైదా 180, చక్కెర 150, చిక్కటి పెరుగు 250 గ్రాములు, నూనె 120 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడర్ ఒకటింపావు టీస్పూన్, సోడా అర టీస్పూన్ తీసుకోండి. పెరుగు, చక్కెర బాగా చిలికి, నూనెను కొంచెం కొంచెంగా పోస్తూ నునుపుగా కలిసే వరకు విస్క్ చేయండి. పొడి పదార్థాలు వేశాక ఆలస్యం చేయకుండా ఓవెన్‌లో పెట్టండి. పులుపు తగిలిన సోడా గాలిబుడగలు వదలడం మొదలుపెట్టేస్తుంది, గిన్నె బయట ఉంటే అవి వృథా. 175 డిగ్రీల్లో 35 నుంచి 40 నిమిషాలు పడుతుంది. ఇది గుడ్లున్న కేక్ అంత తేలిగ్గా ఉండదు, ఇంకాస్త తడిగా, బరువుగా ఉంటుంది.

మీ పాత వెన్న కేక్‌ను మార్చాలంటే

వెన్నలో కొవ్వు సుమారు 80 శాతం, మిగతాది ఎక్కువగా నీరు. అందుకే 100 గ్రాముల వెన్నకు బదులు 80 గ్రాముల నూనె, అంటే సుమారు 87 మిల్లీలీటర్లు, దాంతో పాటు ఒక టేబుల్‌స్పూన్ పాలో నీళ్లో వేయండి. ఉప్పు వెన్న స్థానంలో వేస్తున్నట్లయితే చిటికెడు ఉప్పు అదనంగా కావాలి. వెన్న, చక్కెర గిలక్కొట్టమని ఉన్న చోట గుడ్లు, చక్కెర గిలక్కొట్టి నూనె ధారగా పోసే పద్ధతికి మారండి.

అన్నింటికీ ఈ లెక్క పనికిరాదు. పొరలు పొరలుగా విడిపోయే పఫ్ పేస్ట్రీకి గట్టి కొవ్వు కావాలి, నూనెతో పొర నిలబడదు. బటర్‌క్రీమ్ సంగతీ అంతే.

చాక్లెట్ వైపు

బ్రౌనీకి ఆలివ్ నూనె చక్కగా నప్పుతుంది. చాక్లెట్‌లోని గట్టి కొవ్వు, నూనెలోని ద్రవ కొవ్వు కలిసినప్పుడు నమిలే గుణం వస్తుంది. 110 మిల్లీలీటర్ల నూనెను వేలు పెట్టగలిగేంత వేడి చేసి 50 గ్రాముల కోకో పౌడర్ అందులో కలపండి, కోకో వాసన విచ్చుకుంటుంది. రెండు గుడ్లు, 200 గ్రాముల చక్కెర మూడు నిమిషాలు గిలక్కొట్టి, కోకో కలిపిన నూనెను అందులో కొంచెం కొంచెంగా చేర్చండి. 70 గ్రాముల మైదా, పావు టీస్పూన్ ఉప్పు, 80 గ్రాముల తరిగిన డార్క్ చాక్లెట్ కలిపి, 20 సెంటీమీటర్ల చదరపు టిన్‌లో 175 డిగ్రీల్లో 20 నుంచి 24 నిమిషాలు ఉంచండి. మధ్యలో పుల్ల శుభ్రంగా వచ్చేదాకా ఆగితే బ్రౌనీ ఎండిపోయినట్టే.

కేక్ పైపూతకు 100 గ్రాముల డార్క్ చాక్లెట్ వేడినీటి గిన్నె మీద కరిగించి, 30 మిల్లీలీటర్ల నూనె, చిటికెడు ఉప్పు కలపండి. చల్లారితే మెరుస్తూ మెత్తగా కుదురుకుంటుంది. కత్తి పెడితే పగలదు.

టార్ట్ అడుగుకు 200 గ్రాముల మైదాలో 40 గ్రాముల పొడి చక్కెర, చిటికెడు ఉప్పు, 70 మిల్లీలీటర్ల నూనె కలిపి, ముద్దగా నిలిచేలా రెండు మూడు టేబుల్‌స్పూన్ల చన్నీళ్లు చల్లండి. ఇది ఒత్తితే చిట్లుతుంది కనుక అప్పడాల కర్రతో కష్టపడకుండా టిన్‌లో వేళ్లతోనే అద్దండి. ఫోర్క్‌తో అక్కడక్కడా పొడిచి 180 డిగ్రీల్లో 18 నుంచి 20 నిమిషాలు కాల్చండి.

ఎక్కడ చెడుతుంది, ఎందుకు?

అడుగున తడి జిడ్డు పొర ఉంటే నూనె వేగంగా పడిందని, లేదా గుడ్లు చల్లగా ఉన్నాయని అర్థం. చల్లని గుడ్లు నూనెను సరిగా కలుపుకోవు. అదే పొర జిగురుగా, పచ్చిగా ఉంటే మాత్రం కేక్ ఉడకలేదు. పైపై రంగు చూసి తీసేసి ఉంటారు. రంగు తొందరగా వస్తుంటే పైన అల్యూమినియం ఫాయిల్ కప్పి ఇంకాస్త ఉంచండి.

మధ్య కుంగితే చాలాసార్లు ఓవెన్ తలుపు తొందరగా తీయడం, లేదా బేకింగ్ పౌడర్ ఎక్కువ కావడం కారణం. మధ్య కొండలా పగిలిపోతే వేడి ఎక్కువ, లేదా టిన్ చిన్నది. ఓవెన్ చూపే అంకె నిజమైన వేడి కాకపోవచ్చు కాబట్టి లోపల పెట్టే చవక థర్మామీటర్ ఒకటి ఉంటే చాలా అనుమానాలు తీరతాయి.

కోస్తే లోపల పొడుగాటి సొరంగాల్లాంటి రంధ్రాలు, నమిలితే రబ్బరులా ఉంటే పిండి వేశాక ఎక్కువ కలిపారు. నూనె గ్లూటెన్‌ను అడ్డుకుంటుందే గానీ పూర్తిగా ఆపదు. సబ్బులాంటి రుచి వస్తే సోడా ఎక్కువ, పులుపు చాలలేదు. పావు టీస్పూన్‌ను కత్తితో చదును చేసి కొలవండి. గొంతులో మంట మిగిలిందంటే ఆ కేక్‌కు నూనె ఘాటు ఎక్కువైంది, ఈసారి లైట్ కలపండి.

నిల్వ

పూర్తిగా చల్లారాక మాత్రమే డబ్బాలో పెట్టండి. వేడిగా మూసేస్తే ఆవిరి పైపొరను జిగటగా చేస్తుంది, బూజుకు దారి తీస్తుంది. గదిలో మూడు రోజులు బాగుంటుంది. వేడి, చెమ్మ ఎక్కువున్న రోజుల్లో రెండో రోజు నుంచి ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లదనానికి ఆలివ్ నూనె చిక్కబడుతుంది కనుక తినే ముందు అరగంట బయట ఉంచితే మళ్లీ మెత్తబడుతుంది. ముక్కలు విడివిడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలు ఉంటాయి. నూనె సీసాను మాత్రం స్టవ్ పక్కన, కిటికీ వెలుతురులో పెట్టకండి. మూత తీశాక చీకటి అలమరాలో ఉంచి రెండు మూడు నెలల్లో వాడేయండి.